సీమ ఎండలో విడిది ఇంటి ఆవరణ: ఏది ఎంచుకోవాలి, దేనికి డబ్బు పెట్టాలి

గండికోట చూడటానికి బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చేవారు పెరిగాక జమ్మలమడుగు చుట్టుపక్కల పొలాల్లో, పాత ఇళ్లలో అద్దెకిచ్చే విడిదులు వెలుస్తున్నాయి. అటు మంత్రాలయం, పుట్టపర్తి, లేపాక్షి దారుల్లోనూ ఇదే వరస. గదుల సంగతి అందరూ బాగానే చూసుకుంటున్నారు. ఏసీ, గీజరు, మంచి పరుపు, అన్నీ ఉంటున్నాయి. ఆవరణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోవాలోనో కేరళలోనో తీసిన ఫొటో చూసి పచ్చిక, తెల్లగుడ్డ గొడుగు, పేము సోఫా తెచ్చి పెడుతున్నారు. రెండో వేసవికి పచ్చిక ఎండిపోతుంది, గొడుగు చిరుగుతుంది, సోఫా అల్లిక పెళుసెక్కి మూలన పడుతుంది. డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. ఇంత మంచి రాయి, ఇంత హాయైన సాయంకాలాలు ఉన్న సీమకు వచ్చిన మనిషిని ఏసీ గదిలోనే కూర్చోబెట్టి పంపడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

నా సలహా మొదటే చెబుతాను. ముందు నీడ, తర్వాత నేల, ఆ తర్వాతే కుర్చీ. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద భాగం కదలని వాటి మీద, అంటే చెట్టు, పందిరి, రాతి తిన్నె మీద పెట్టండి. కదిలే సామాను తక్కువ కొనండి, అది కూడా ఇక్కడి ఎండకు తట్టుకునేదే కొనండి. ఇక ఒక్కొక్కటీ పోల్చి చూద్దాం.

అతిథి బయట ఎప్పుడు కూర్చుంటాడు?

ఏ వస్తువు కొనాలన్న ప్రశ్న కంటే ముందు రావలసిన ప్రశ్న ఇది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడింటా ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పదకొండు నుంచి ఐదు దాకా ఎవరూ బయటికి రారు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత, రాత్రి భోజనాలయ్యాక, ఇవీ ఆవరణకు పనిపడే వేళలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు లెక్క మారుతుంది. అప్పుడు పగలంతా బయట గడపవచ్చు, పొద్దున్నే ఎండ పొడ కూడా కావాలనిపిస్తుంది.

ఈ లెక్క చూసుకుంటే ఇంటికి తూర్పు వైపు చోటు మిగతా మూడు వైపుల కంటే విలువైనది. మధ్యాహ్నం తిరిగాక ఇంటి నీడ అటే పడుతుంది. సాయంత్రం అతిథి బయటికి వచ్చేసరికి అక్కడి నేల మూడు నాలుగు గంటలుగా చల్లబడుతూ ఉంటుంది. చలికాలం ఉదయం అదే చోట లేత ఎండ దొరుకుతుంది. చాలామంది సూర్యాస్తమయం కనబడుతుందని పడమట వైపు పెద్ద అరుగు కట్టి, మంచి కుర్చీలన్నీ అక్కడే వేస్తారు. మధ్యాహ్నమంతా ఎండలో కాలిన ఆ రాయి రాత్రి ఎనిమిదింటికి కూడా సెగ కక్కుతూ ఉంటుంది. సూర్యాస్తమయం చూసేది పావుగంట. దానికి రెండు తేలిక కుర్చీలు మోసుకెళ్లి వేసుకుంటే సరిపోతుంది. స్థిరమైన కట్టడం తూర్పున ఉండాలి.

ఇంకొక మాట. ఇంటర్నెట్‌లో కనబడే సలహాలు చాలావరకు సముద్రపు ఒడ్డు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి స్టీలు కొనండి అంటారు. విశాఖ, బాపట్లలో అది నిజం. మనకు సముద్రం చాలా దూరం. గాలిలో ఉప్పు లేదు, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమా లేదు. ఇక్కడ సామానుకు శత్రువు ఎండ, దాని తర్వాత దుమ్ము, గాలి. అందుకే మనకు ఇనుము పనికొస్తుంది, ప్లాస్టిక్ పనికిరాదు. తీరప్రాంతపు లెక్కను సరిగ్గా తిరగేయాలి.

నీడ: చెట్టు, పందిరి, వల, రేకు

స్థలంలో ఇప్పటికే వేప, కానుగ, చింత ఏదైనా ఉంటే సగం పని అయిపోయినట్టే. దాన్ని కొట్టి మండపం కట్టవద్దు. వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి ఉగాదికల్లా చిగురూ పూతా తొడుగుతుంది. అంటే ఎండలు ముదిరే వేళకు నీడ సిద్ధంగా ఉంటుంది. వానలు మొదలయ్యే రోజుల్లో పండ్లు రాలి కింద జిగటగా ఉంటుంది, పక్షుల రెట్టలూ ఎక్కువ. ఆ కొన్ని వారాలు గుడ్డ దిండ్లు లోపల పెట్టుకుంటే చాలు. కానుగ నీడ ఇంకా చిక్కనిది. చింత కింద చల్లదనానికి వంక పెట్టలేం కానీ, దాని కింద నాపరాయి మాత్రం పరచకండి. రాలిన కాయల పులుపుకు రాయి మీద తెల్ల మచ్చలు పడతాయి. వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లను అడగండి, అదే ఇక్కడా జరుగుతుంది.

చెట్టు లేకపోతే మనిషి కట్టే నీడ కావాలి. చలువ పందిరి, షేడ్ నెట్ వల, రేకు, తీగ పందిరి, ఈ నాలుగింటిలో చల్లదనంలో మొదటిది తాటాకు లేదా బోదగడ్డి కప్పిన చలువ పందిరి. దాని కింద గాలి ఆడుతుంది, సెగ దిగదు, ఫొటోలో అందంగా ఉంటుంది. కానీ రెండు మూడేళ్లకొకసారి కప్పు మార్చాలి, కప్పే మనిషి దొరకాలి. అంతకంటే ముఖ్యం నిప్పు భయం. గండికోటకు వచ్చే కుర్రవాళ్లు రాత్రి చలిమంట అడగకుండా ఉండరు. మంటకూ ఆకుల కప్పుకూ కనీసం ముప్పై అడుగుల ఎడం ఉంచే చోటు లేకపోతే ఈ పందిరి మాట మరచిపోండి. ఎడం ఉన్నా గాలి వీచే రాత్రి మంట వేయనివ్వవద్దు. యజమాని అక్కడే ఉండే ఇంటికి చలువ పందిరి సరిపోతుంది. పొద్దుటూరులో ఉండి ఫోనులో తాళం సంగతి చెప్పే యజమానికి సరిపోదు.

షేడ్ నెట్ చవక, తొందరగా అయిపోతుంది. దుకాణంలో 50, 75, 90 శాతం అని అడుగుతారు. ఎంత ఎండను ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. మొక్కలకు 50 సరిపోతుంది, మనుషులు కూర్చునే చోట 75కు తగ్గవద్దు. ఆకుపచ్చ వల కింద మనుషుల ముఖాలు కూడా పచ్చగా కనబడతాయి కాబట్టి ఫొటోల కోసం వచ్చే అతిథులకు గోధుమరంగో లేతరంగో మేలు. అనంతపురం వైపు ఉండేవారు గాలి సంగతి చూసుకోవాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. జూన్, జూలై గాలికి వదులుగా కట్టిన వల నెల తిరగకుండా చిరుగుతుంది. అంచు పొడవునా బట్ట మడిచి కుట్టించి, ఇత్తడి కన్నాలు వేయించి, ఇనుప తాడుతో బిగువుగా లాగి కట్టిస్తేనే నిలుస్తుంది. ఇక పెద్ద గొడుగుల మాటంటారా, అనంతపురం గాలిలో ఏ రకమైనదీ కొనవద్దు.

రేకు ఎండను ఆపుతుంది కానీ తనే కాగి కిందికి సెగ వదులుతుంది. తప్పనిసరై రేకు వేస్తే కింద అడుగు ఎడంగా వెదురు తడికె కట్టండి, పైన తెల్ల సున్నమో తెల్ల రంగో వేయండి. అప్పుడు భరించగలిగేలా ఉంటుంది. వానకు కారదన్న ఒక్క లాభం కోసం కారు నిలిపే చోట, బయటి వంట చోట రేకు సబబే. కూర్చునే చోట వద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తీగ పందిరి. మన పొలాల్లో కంచెకు వాడే రాతి స్తంభాలు నాలుగో ఆరో పాతి, పైన ఇనుప గొట్టాలు, తీగలు అల్లి, రాధామనోహరం గానీ కాగితం పూల తీగ గానీ ఎక్కించండి. రాయికి చెదపురుగు లేదు, తుప్పు లేదు, రంగు అక్కర్లేదు. కాగితం పూలకు నీళ్లు తక్కువ ఇస్తేనే పూత ఎక్కువ, ఈ నేలకు అంతకంటే ఏం కావాలి. ముళ్లుంటాయి కాబట్టి దారికి అడ్డం వచ్చే కొమ్మలు కత్తిరిస్తూ ఉండాలి. రాధామనోహరానికి సాయంత్రం వాసన అదనం. తీగ పూర్తిగా అల్లుకోవడానికి రెండేళ్లు పట్టవచ్చు. అంతవరకు ఖాళీగా ఉంచనక్కరలేదు. మొదటి వానకు సొరపాదు పెడితే మూడు నెలల్లో పందిరి కప్పేస్తుంది, వేలాడే కాయలు నగరం పిల్లలకు చూడముచ్చటగా ఉంటాయి. వేసవికి సొరపాదు పోయాక పైన షేడ్ నెట్ వేసుకోండి. తీగ ఎదిగాక దాన్ని తీసేయవచ్చు.

నేల: బండ, గచ్చు, గడ్డి, మట్టి

ఇక్కడ మనకున్నంత ఎంపిక దేశంలో చాలా చోట్ల లేదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నల్ల కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల నుంచి లేతరంగు నాపరాయి. బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లింది కానీ కర్నూలు వాళ్లకు అది ఇంటి రాయే. రాయి ధరలో లారీ బాడుగ పెద్ద భాగం. గని దగ్గరుండి కూడా ఎక్కడినుంచో వచ్చిన టైల్సు పరచడం అనవసరపు ఖర్చు.

కడప బండా, బేతంచెర్ల రాయా అని అడిగితే నా జవాబు నీడను బట్టి ఉంటుంది. నల్ల బండ గంభీరంగా ఉంటుంది, పచ్చని చెట్ల మధ్య దాని అందమే వేరు, మురికి కనబడదు. కానీ నేరుగా ఎండ పడితే మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. చెప్పులు విప్పి ఈత తొట్టి వైపో చేతిపంపు వైపో పరుగెత్తే పిల్లవాడి అరికాలు గుర్తుంచుకోండి. కాబట్టి పందిరి కింద, వసారాలో, తూర్పు అరుగు మీద నల్ల బండ వేయండి. ఎండ పడే నడకదారికి, నీళ్ల తొట్టి చుట్టూ లేతరంగు బేతంచెర్ల రాయి వేయండి.

రెండింటికీ ఒక షరతు. బయటికి పాలిష్ బండ వద్దు. తడిస్తే జారుతుంది. గనిలో విడదీసినప్పుడు వచ్చిన సహజమైన గరుకు ముఖం ఉన్నదే అడగండి. అడ్డాలో బండలు ఎంచేటప్పుడు తొందరపడకండి. బండను నిలబెట్టి సుత్తి పిడితో మధ్యలో ఒకసారి, నాలుగు మూలలా ఒక్కొక్కసారి తట్టి వినండి. బాగున్న రాయి ఖంగుమంటుంది. లోపల పగులున్నదీ, పొరలు విడిపోతున్నదీ బోలుగా, మూగగా పలుకుతుంది. పక్కకు తిప్పి అంచు చూస్తే సన్నని గీతల్లా పొరలు కనబడతాయి. వాటిలో వేలిగోరు దూరేలా ఉంటే ఆ బండ పక్కన పెట్టించండి. మనుషులు నడిచే చోటికి అంగుళం పైచిలుకు మందం చాలు, కారు ఎక్కే చోటికి రెండంగుళాలకు తగ్గవద్దు.

జమ్మలమడుగు, పొద్దుటూరు వైపు నల్లరేగడి నేలలో ఇల్లున్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద సిమెంటు పోసి బండలు అతికిస్తే రెండేళ్లలో బండలు ఎగుడుదిగుడై, అతుకులు విడిపోతాయి. పై మట్టి అడుగున్నర, రెండడుగులు తీసేసి గరుసు మట్టి (గ్రావెల్) నింపి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టించి, దాని మీద ఇసుక పరిచి బండలు వదులుగా పేర్చండి. బండకూ బండకూ మధ్య అరంగుళం సందు వదిలి ఇసుకే నింపండి. ఎక్కడైనా కుంగితే ఆ ఒక్క బండ లేపి ఇసుక సరిచేసుకోవచ్చు. అనంతపురం ఎర్రనేలల్లో ఈ బెడద తక్కువ. ఏ నేలైనా వాలు మరవకండి, పది అడుగులకు అంగుళం, అంగుళంన్నర ఇంటి నుంచి బయటికి వాలాలి. మన దగ్గర వాన తక్కువే, కానీ అక్టోబరులో తుపాను వాన పడితే ఒక్కసారిగా పడుతుంది.

పచ్చిక గురించి లెక్క చెబుతాను, నిర్ణయం మీరే చేసుకోండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. వేసవిలో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లైనా కావాలి. 100 చదరపు మీటర్ల చిన్న పచ్చికకు రోజుకు 500 లీటర్లు. మార్చి నుంచి వంద రోజులకు 50,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పది. అనంతపురంలో ఏడాది వానే 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పక్క రైతు బోరు ఎండి చీనీ (బత్తాయి) చెట్లు కొట్టేసుకుంటున్న ఊళ్లో అతిథి చెప్పుల కింద పచ్చికకు ఆ నీళ్లు పోయడం నాకు సమ్మతం కాదు. పచ్చదనం కావాలనిపిస్తే చెట్టులో, తీగలో చూడండి, అవి అదే నీటితో నీడ కూడా ఇస్తాయి. ప్లాస్టిక్ పచ్చిక అసలే వద్దు. ఎండకు బండ కంటే ఎక్కువ కాలుతుంది, దుమ్ము పట్టి ఆరు నెలల్లో మాసిపోతుంది.

అందరూ మరచిపోయే నేల ఒకటుంది, మట్టి నేల. చెట్టు చుట్టూ పది పదిహేనడుగుల మేర బండలు వేయకుండా వదిలేయండి. గరుసు మట్టి పరిచి గట్టిపరచి, సాయంత్రం ఊడ్చి కళ్లాపి చల్లిస్తే దాని మీద మంచాలు వేసుకోవడానికి అంతకంటే చల్లని చోటు ఉండదు. వేరుకు నీరు, గాలి అందుతాయి. ఖర్చు దాదాపు లేదు. రేగడి మట్టి మీద మాత్రం ఇది కుదరదు, వానకు కాలికి అంటుకుని గదుల్లోకి వస్తుంది.

కూర్చోవడానికి, పడుకోవడానికి

మొదటి స్థానం రాతి తిన్నెకే ఇస్తాను. ఎవరూ ఎత్తుకుపోరు, గాలికి ఎగరదు, కోతులు పడదోయవు, చూసుకునే మనిషి లేని ఇంట్లో కూడా పదేళ్ల తర్వాత అలాగే ఉంటుంది. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు కనీసం అంతే. వెనక గోడ ఉంటే ఒరిగి కూర్చుంటారు, లేకపోతే పది నిమిషాలకు లేచిపోతారు. పక్కలకు ఎర్రమన్ను, సున్నం పట్టీలు వేయిస్తే మన ఊరి ముద్ర దానంతటదే వస్తుంది. తిన్నె కింద రాళ్లు గుట్టగా, సందులతో వదలవద్దు. తేళ్లు చేరతాయి. పూర్తిగా మూసి కట్టించండి.

దాని తర్వాత నులక మంచం, నవారు మంచం. వీటిని పాతకాలపు సామాను అని తోసేసేవాళ్లు సీమ రాత్రులను ఎరగని వాళ్లు. పగలు నలుగురు కూర్చుంటారు, రాత్రి ఆరుబయట ఒకరు పడుకుంటారు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది, వాన వస్తే ఇద్దరు ఎత్తి గోడకు నిలబెడతారు. వీటిలోనూ ఎంపిక ఉంది. నూలు నవారు ఒంటికి మెత్తన, కానీ వానలో మరచిపోతే కుళ్లుతుంది. నైలాన్ నవారు వానకు జంకదు, ఎండలో వదిలేస్తే కొన్నేళ్లకు పీచులు లేస్తుంది, చెమట పీల్చదు. అతిథి ఇంటికి నేను నూలు నవారే అంటాను, కాపలా మనిషి ఉన్న పక్షంలో. చట్రం విషయంలో మాత్రం పాత చెక్క పట్టెల మీద మోజు వద్దు. కొత్త కొత్త మనుషులు, వాళ్ల సంచులు వచ్చిపోయే ఇంట్లో చెక్క అతుకుల్లో నల్లులు చేరితే వదిలించడం మహా కష్టం. గొట్టాల ఇనుప చట్రానికి ఆ సందులు తక్కువ. ఎవరైనా కొనేముందు మంచం మీద కూర్చుని కాళ్ల వైపు బిగింపు తాడు చూడండి. అది విప్పి మళ్లీ లాగి కట్టడానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే ఎంత మంచి నవారైనా కొన్ని నెలలకు గుంట పడుతుంది.

ఇనుప కుర్చీలు, బల్లలు మనకు సరిపోతాయని పైన చెప్పాను. అతుకుల దగ్గర రంగు లేచిందేమో ఏడాదికొకసారి చూసి పూత వేస్తే చాలు. ఎండలో ఉంటే కాలతాయి కాబట్టి నీడలోనే ఉంచాలి, కూర్చునే చోట చెక్క పలకలు ఉన్నవైతే ఇంకా మంచిది. టేకు నిలుస్తుంది, నూనె పెట్టకపోతే బూడిదరంగుకు తిరుగుతుంది, దాని వల్ల నష్టమేమీ లేదు. కొత్త టేకు ధర ఎక్కువ. పాత మిద్దెలు విప్పినప్పుడు వచ్చే దూలాలు, తలుపులు అమ్మే దుకాణాలు చూడండి. ఎన్నో వేసవులు చూసి ఎండిన కలప అది, ఇక వంకర తిరగదు. దానితో పొడవాటి భోజనపు బల్ల ఒకటి చేయిస్తే ఆవరణకే అది కేంద్రమవుతుంది.

పేము కుర్చీ లోపలి వసారాకు మాత్రమే. బయట ఎండిన గాలికి చీలికలు వస్తుంది. పేములా కనబడే ప్లాస్టిక్ అల్లిక సోఫాలు ఇప్పుడు అన్ని చోట్లా ఉన్నాయి. మంచివీ ఉన్నాయి, చవకవీ ఉన్నాయి, చూపుకు తేడా తెలియదు. ఒక పోగును గోటితో మడిచి వదలండి. తెల్లటి గీత పడితే రెండు వేసవులు కూడా ఆగదు. మామూలు ప్లాస్టిక్ కుర్చీలు శుభకార్యాలకు వచ్చిన గుంపు కోసం గదిలో పేర్చి ఉంచుకోండి. ఎండలో ఏళ్ల తరబడి ఉన్నది కాలు విరిగి పెద్దవాళ్లు పడితే ఆ బాధ్యత మీదే.

దిండ్ల గలీబులు విప్పి ఉతికేలా ఉండాలి, రంగు ఇటుక, ఆవాల పసుపు, ముదురు నీలం లాంటివి కావాలి. తెలుపు ఎర్రమట్టి దుమ్ముకు వారం ఆగదు. కింద కూర్చునేవారికి ఈతచాపలు నాలుగు చుట్టి ఉంచితే ఎంతో పనికొస్తాయి.

మొక్కలు, దీపాలు

మొక్కల గురించి క్లుప్తంగా. దేవగన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు, కలబంద, ఎడారి గులాబీ, ఇవన్నీ మన ఎండకు నిలిచేవే. కుండీలు తక్కువ పెట్టి నేలలోనే ఎక్కువ నాటండి. కుండీలో మట్టి వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు అడుగుతుంది, నేల అంతగా అడగదు. ఎర్ర గన్నేరు అందమైనదే, కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషం. పిల్లలు వచ్చే ఇంట్లో కూర్చునే చోటికి దూరంగా, కంచె వారనే ఉంచాలి.

దీపాల్లో తెల్లని వెలుగా, పసుపు వెలుగా అన్నదే మొదటి ప్రశ్న. తొలకరి తర్వాత ఉసిళ్లు, పురుగులు తెల్లని వెలుగుకు ఎక్కువగా చేరతాయి, అన్నం పళ్లెంలో పడతాయి. వెచ్చని పసుపు ఎల్ఈడీలే కొని, మోకాలి ఎత్తులో, కిందికి చూసేలా పెట్టండి. గండికోట వైపు వచ్చేవారికి చుక్కల ఆకాశం పెద్ద ఆకర్షణ, స్తంభం మీద ఫ్లడ్‌లైటు పెట్టి దాన్ని చెరిపేయకండి. సోలార్ దీపాలు తీగలు లాగే పని తప్పిస్తాయి, కానీ పలక మీద దుమ్ము వారానికోసారి తుడవకపోతే అర్ధరాత్రికి ముందే ఆరిపోతాయి. మెట్లకు, స్నానాల గది దారికి వాటి మీద ఆధారపడవద్దు, అక్కడ కరెంటు దీపమే ఉండాలి. బయటి దీపం మీద ఐపీ 65 అని ఉందో లేదో చూడండి, వాననీటికీ దుమ్ముకూ ఆగేది అదే.

అలంకరణకు ఎక్కడో తయారైన బొమ్మల కంటే నిమ్మలకుంట తోలు దీపపు గూళ్లు కొనమంటాను. ధర్మవరం దగ్గరి ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుల్లో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. లోపల దీపం వెలిగిస్తే ఆ రంగులు గోడంతా పరచుకుంటాయి. తోలు కాబట్టి వాన జల్లు తగలని వసారా లోపలే వేలాడదీయాలి. అతిథి అది ఎక్కడిదని అడుగుతాడు, ఊరి పేరు చెప్పండి, వెళ్లి కొనుక్కుంటాడు.

ఏ ఇంటికి ఏది?

గండికోట దారిలో, యజమాని దూరంగా ఉండి కాపలా మనిషి వచ్చిపోయే రెండు గదుల ఇల్లనుకుందాం. తూర్పున రాతి తిన్నె, రాతి స్తంభాల తీగ పందిరి, కింద కడప బండ, ఒక పాత కలప బల్ల, నాలుగు ఇనుప కుర్చీలు, తాళం వేసే గదిలో రెండు మంచాలు. చలిమంటకు విడిగా రాళ్లు పేర్చిన గుంట, పక్కన ఇసుక బకెట్టు. ఇంతకు మించి కొనవద్దు.

అనంతపురం వైపు తోటలో ఉన్న ఇల్లయితే గాలి అన్నిటినీ నిర్ణయిస్తుంది. పడమట, నైరుతి వైపు కానుగో వేపో వరుసగా నాటి గాలికి అడ్డం పెట్టండి. బరువైన సామానే ఉంచండి. యజమాని కుటుంబం అక్కడే ఉంటే చలువ పందిరి, నూలు నవారు మంచాలు, కళ్లాపి చల్లిన మట్టి నేల, ఇవి నగరం నుంచి వచ్చినవారికి ఏ హోటలూ ఇవ్వలేనివి.

పుణ్యక్షేత్రాల దగ్గర అవసరాలే వేరు. మంత్రాలయంలో తుంగభద్రలో మునిగి తడిబట్టలతో వస్తారు. వాళ్లకు ఊయల కంటే ముందు బట్టలారేసుకునే తీగ, కాళ్లు కడుక్కునే కుళాయి, చెప్పుల అరుగు కావాలి. తీగను ఫొటోలో కనబడకుండా వెనక గోడ వైపు, ఎండ తగిలేలా కట్టండి. పుట్టపర్తికి వచ్చేవారిలో పెద్దవయసు వాళ్లు ఎక్కువ, వారాల తరబడి ఉంటారు. వాళ్లకు నేలబారు సోఫాలు, చాపలు పనికిరావు. చేతులున్న, వీపు నిటారుగా ఉన్న కుర్చీలు, ఎక్కడా అడుగు తడబడని సమతలం, మెట్టు పక్కన పట్టుకోవడానికి కడ్డీ, ఇవే వాళ్లకు అలంకరణ.

ఊళ్లో మిద్దె మీద చోటు ఒక్కటే ఉంటే ముందు పిట్టగోడ ఎత్తు కొలవండి. మూడున్నర అడుగులకు తగ్గితే పెంచేవరకు అక్కడ మంచాలు వేయవద్దు, పిట్టగోడకు ఆనించి బల్లలు, కుండీలు కూడా పెట్టవద్దు, పిల్లలు వాటి మీదుగా గోడెక్కుతారు. నేలకు తెల్లని చలువ రంగు వేయించి, గొట్టాల చట్రానికి 75 శాతం వల బిగించి, సాయంత్రం ఒక బకెట్ నీళ్లు చల్లితే రాత్రి పడకకు సిద్ధం.

పని వరుస

బండ పని, తిన్నె పని జనవరి నుంచి ఏప్రిల్ లోపు చేయించుకోండి, నేల ఎండి ఉంటుంది. స్తంభాలు కూడా అప్పుడే పాతాలి. మొక్కలు, తీగలు జూన్, జూలైలో తొలకరి పదును చూసి నాటితే నీళ్ల ఖర్చు తగ్గుతుంది. కుర్చీలు, మంచాలు అన్నిటికంటే చివర. ముందు ఉన్నవాటితోనే ఒక చలికాలం నడిపి, అతిథులు కుర్చీలు లాక్కుని ఎక్కడ కూర్చుంటున్నారో, ఏ వేళకు లేచి లోపలికి పోతున్నారో కాపలా మనిషిని అడిగి తెలుసుకోండి. అక్కడికి సరిపోయేవి కొనండి.